వేలు గొప్పా, తెలివి గొప్పా?

కౌన్ బనేగా కరోడ్‌పతి అయినా, మన మీలో ఎవరు కోటీశ్వరుడు అయినా నాకు ఒళ్ళు మండేది ఒక్కచోటే. మామూలుగా పదిమందిని కూర్చోబెట్టి నాలుగు జవాబులు వరసలో పెట్టమంటారు. సరిగ్గా పెట్టినవాళ్ళలో అందరికంటే వేగంగా నొక్కినవాళ్ళకే హాట్ సీటు. క్షణం వెనకబడితే, జవాబు తెలిసినా ఆ విడతకి ఇక అంతే!

తీరా సీట్లో కూర్చున్నాక పెద్ద ప్రశ్నలకి గడియారమే ఉండదు. ఆలోచించి ఆడే ఆటకి గుమ్మంలో పరుగుపందెమా?

ఇదే ఆటకి అమెరికాలో 2002లో మొదలైన రోజువారీ షోలో ఈ వేళ్ళ పందెం ఎత్తేశారు. ముందే పరీక్ష పెట్టి ఎంచుకున్నవాళ్ళని నేరుగా కూర్చోబెట్టారు. అది 2019 దాకా నడిచింది.

ఇంట్లో ఎలాగూ ముందు అరిచినవాళ్ళ మాటే నెగ్గుతుంది, నిదానంగా ఆలోచించేవాళ్ళం వెనకే ఉండిపోతాం. టీవీలోనూ అదే రూలా? మీరే చెప్పండి.