పప్పు, ములుకోల, కేంద్రకము

శాస్త్రపదములను గూర్చి మన విద్యావంతులలో రెండు భ్రమలు కానవచ్చుచున్నవి. లాటిను పదమనగానే అందేదో అందరాని గంభీరార్థము గలదని కొందఱు బెదరుదురు. పరభాషాపదము సోకినంతనే మన భాష చెడునని మఱికొందఱు వెఱతురు. ఈ రెండు భ్రమలను పోగొట్టుటకు 'న్యూక్లియస్' అను నొక్క పదము చాలును.

లాటినున 'నుక్స్' అనగా పెంకుగల కాయ. అందలి పప్పు 'నుక్లెయుస్'. ఇంతకు మించిన రహస్య మందు లేదు. ఆర్కిడు మొక్కల కణములను సూక్ష్మదర్శినితో పరీక్షించుచు రాబర్టు బ్రౌను 1831లో కణములోని చిన్నముద్ద కీ పేరు పెట్టెను. పరమాణువుయొక్క ద్రవ్యరాశి దాదాపుగా నంతయు నడుమ నొక సూక్ష్మస్థానమున గూడియున్నదని 1911లో రూథర్‌ఫర్డు వెల్లడించి, మరుసటియేట దానికిని ఈ పేరే వాడెను. బాదముకాయలో పప్పు పెంకును నించియుండును. పరమాణువున నది వ్యాసములో పదివేలవ వంతుకన్నను చిన్నది. ఉపమానము సరిపడకున్నను పదము నిలిచినది. ఏలయన దానికి ప్రాణము పోసినది ప్రయోగశాల.

ఇక మన పాఠ్యపుస్తకములలోని 'కేంద్రకము' మాట. ఇది అచ్చమైన సంస్కృతమని మన నమ్మకము. కాని 'కేంద్ర' శబ్దము గ్రీకుల 'కెంట్రాన్' నుండి జ్యోతిషము వెంట మన దేశమునకు వచ్చినది. కెంట్రాన్ అనగా ఎద్దును పొడుచు ములుకోల. వృత్తము గీయునపుడు కదలక నిలుచు మొనయు నదియే. ఆంగ్లేయుల 'సెంటరు' సైతము ఆ తల్లి బిడ్డయే. జాతకచక్రమున 1, 4, 7, 10 స్థానములను కేంద్రములని లెక్కించు జ్యోతిష్కుడు యవనులను తలచునా? మన పూర్వులు ఆ పదముతో నిత్యము పనిచేసి దానిని తమదిగా జేసికొనిరి. ఎరవు తెచ్చికొనుట వారికి చిన్నతనముగా దోపలేదు.

నేటి లోప మెచ్చట నున్నది? పదముల కులగోత్రములకై వాదులాడుచు అర్థమును మఱచితిమి. తెలుగున చదువు బాలుడు 'కేంద్రక'మనియు, ఆంగ్లమున చదువు బాలుడు 'న్యూక్లియ'స్సనియు వల్లె వేయుచున్నారు. ఇరువురకును లోనిపప్పు దక్కుటలేదు. ఉపాధ్యాయుడు ఒక్క బాదముకాయను పగులగొట్టి చూపి, పోలిక యెంతవరకో, భేదమెచ్చటనో చెప్పినచో ఆ పదము జన్మాంతము మఱపునకు రాదు. పదమును ఏ దేశమునుండియైనను తెచ్చికొనవచ్చును. దానితో చేయవలసిన పని మాత్రము మన బడులలో, మన ప్రయోగశాలలలో, మన భాషలో జరుగవలెను. అట్లు జరిగిననాడు తెలుగు పదమునకై యెవ్వరిని యాచింపవలసిన యగత్యము మనకుండదు.