గ్యాలరీ పోతే తులసి ఎక్కడ?

హాల్లో మనీప్లాంట్, పడకగదిలో స్నేక్ ప్లాంట్, వంటగదిలో కొత్తిమీర... ఇట్లాంటి జాబితాలు ఫోన్లలో తెగ తిరుగుతున్నాయి. మాకు మాత్రం నవ్వొస్తుంది. కామాఠీపురా చాళ్లలో ఆ మూడు గదులూ ఒకటే ఖోలీ. వండేది, పడుకునేది, చుట్టాలొస్తే కూర్చోబెట్టేది అన్నీ అక్కడే. మూలకు మోరీ. అయినా మనవాళ్లు మొక్కలు పెంచలేదా? పెంచారు. ఖోలీలో కాదు, బయట గ్యాలరీలో.

తెలుగు నేల నుంచి కట్టుబడి పనికి వచ్చిన కామాఠీల పేరే ఈ పేటకు నిలిచింది. ఊరందరికీ గోడలు లేపినవాళ్లకు తమదంటూ పెరడు లేదు. అందుకే గ్యాలరీ కటకటాలకు డాల్డా డబ్బాలు, పెయింటు డబ్బాలు తీగెతో కట్టి తులసి, వామాకు, కలబంద పెట్టుకున్నారు. వామాకును మరాఠీ ఇరుగుపొరుగు పానోవా అంటారు. పిల్లలకు పడిశం పడితే ఎవరి డబ్బాలోంచి ఎవరు తుంచుకున్నా అడిగేవాళ్లు లేరు.

మా మాట ఒక్కటే. మొక్కను గది పేరు చూసి కాదు, వెలుతురు చూసి ఎంచుకోవాలి. మధ్యాహ్నం పూట తెల్ల కాగితం మీద అడుగు ఎత్తున చెయ్యి పెట్టి చూడండి. నీడ గీత గీసినట్టు పడితే అక్కడ తులసి, కరివేపాకు బతుకుతాయి. వాటికి రోజుకు నాలుగైదు గంటల ఎండ ఉండాల్సిందే. నీడ మసకగా పడితే వామాకు, మనీప్లాంట్. అసలు నీడే కనబడకపోతే స్నేక్ ప్లాంట్ ఒక్కటే ఓర్చుకుంటుంది. అది కూడా ఓర్చుకోవడమే, పెరగడం కాదు.

అది గాలి శుభ్రం చేస్తుంది కదా అంటారు. 1989 నాటి నాసా ప్రయోగం మూసిన పెట్టెల్లో చేసింది. మన ఇళ్లలో ఆ ఫలితం రావాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి మొక్కలు కావాలని 2019లో ఇంకో పరిశీలన లెక్కగట్టింది. పది పెట్టినా మనం పడుకునేది ఎక్కడ!

ఈ ముచ్చట ఇప్పుడెందుకంటే, చాళ్లు పోయి టవర్లు వస్తున్నాయి. మిల్లుల్లో పనిచేసిన మన పద్మశాలీ కుటుంబాలు ఎన్నో ఉన్న వర్లీ బి.డి.డి. చాళ్లలో 160 చదరపు అడుగుల ఖోలీకి బదులు 500 అడుగుల ఇల్లు ఇస్తున్నారు. 2025 ఆగస్టులో మొదటి తాళంచెవులు అందాయి. కామాఠీపురాలోనూ అదే మాట నడుస్తోంది. మంచిదే. పొద్దున్నే బకెట్ పట్టుకుని సండాసు కాడ లైనులో నిలబడ్డ రోజుల కోసం ఎవరూ ఏడవనక్కర్లేదు. కానీ గ్యాలరీ పోతుంది. టవర్లో తలుపు తీస్తే లిఫ్టు ముందు ట్యూబులైటు. అక్కడ కుండీ పెట్టనీయరు, పెట్టకూడదు కూడా; నిప్పంటుకుంటే జనం పరుగెత్తాల్సిన దారి అది.

కాబట్టి నక్షా చూపించినప్పుడు చదరపు అడుగులతో పాటు ఇంకో రెండు అడగండి: కిటికీ ఏ దిక్కుకు? ఎదురు టవరు ఎంత దూరం? "తులసి కోసం ఇల్లు కడతారా" అని ఎవరన్నా ఎగతాళి చేస్తే చేయనీయండి. తులసికి ఎండ తగిలే కిటికీలోనే బట్టలు ఆరతాయి, పగలంతా ఇంట్లో ఉండే ముసలివాళ్లకు రెండు కిరణాలు దొరుకుతాయి. పడమటి కిటికీ అయినా మేలే, ఎదురుగా గోడ లేకుంటే.

వానాకాలంలో కుండీ కింది పళ్లెం, మనీప్లాంట్ సీసా వారానికోసారైనా తోమి నీళ్లు మార్చాలి. డెంగీ దోమ అందులోనే పుడుతుంది, పైఅంతస్తు అయినా సరే.

ఇల్లు మారే ముందు పాత డబ్బాలన్నీ మోయక్కర్లేదు. వామాకు కొమ్మ తుంచి నాటితే చాలు, వేరు పడుతుంది. తులసి కంకులు ఎండినాక నలిపి గింజలు కాగితం పొట్లంలో దాచండి. సామాను కట్టేటప్పుడు ఆ పొట్లం అడుగున పడకుండా చూసుకోండి.