పగడాలకో దీపం, వంటింటికో దీపం

సంక్రాంతి వెళ్ళిన వారానికి విశాఖపట్నంలో మా మరిది ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో అడుగు పెట్టానో లేదో, "రండి వదినా, సమయానికి వచ్చారు. మీరే తీర్పు చెప్పాలి" అన్నాడు. ఇంకా చెప్పులు విడవలేదు, కాళ్ళు కడుక్కోలేదు, మొగుడూ పెళ్ళాలిద్దరూ కలిసి నన్ను జడ్జీని చేసి కూర్చోబెట్టారు.

తగువు దేనికంటారా? దీపానికి!

ముందుగదిలో నాలుగడుగుల గాజు తొట్టి ఉంది. అందులో ఉప్పునీళ్ళు, రాళ్ళు, చారల చేపలు రెండు, పుట్టగొడుగుల్లాగా, తోలు ముక్కల్లాగా ఊగుతూ ఉండే మెత్తని పగడపు జీవాలు కొన్ని. రీఫ్ ట్యాంకు అంటారట. గట్టి రాతి పగడాలు మాత్రం లేవు లెండి. వాటిని మన సముద్రంలోంచి తీయడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులి ఉన్న మొదటి షెడ్యూలులోనే 2001లో వాటినీ చేర్చారు. ఆ భయం మా మరిదికి ఉంది, సంతోషం.

ఆ తొట్టి మీద వేలాడే ఎల్‌ఈడీ దీపం పాడయింది. కొత్తది కొనాలి. పేరున్న విదేశీ కంపెనీదే కావాలని మా మరిది పట్టు. నలభై వేల పైమాట. "అచ్చం అలాంటిదే పేరు లేనిది ఏడు వేలకి వస్తుంటే, ఆ ముప్ఫై మూడు వేలూ ఎవరి మొహాన కొట్టడానికి అక్కా?" అని మా తోటికోడలి వాదన.

నేను చదివింది బి.ఏ. రాసుకునేది నవలలు. చేపల తొట్టి దీపాల మీద తీర్పు చెప్పడానికి నాకేం అర్హత? "ఆలోచించి చెబుతాలే" అన్నాను. "కాఫీ కలుపుతానక్కా" అంటూ ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది. వెనకాలే నేనూ వెళ్ళాను.

స్విచ్చి వేసింది. వెలిగిందా లేదా అని తలెత్తి చూడాల్సినంత వెలుగు. ఆ బల్బయినా ఎక్కడుంది? ఆవిడ వీపు వెనకాల గోడకి. స్టవ్వు ముందు నిలబడితే ఆవిడ నీడే గిన్నె మీద పడుతోంది. పాలు పొంగడం కంటితో కాదు, చెవితో కనిపెడుతోంది పాపం.

"ఈ బల్బు ఎంతకి కొన్నావమ్మా?" అన్నాను.

"ఏమో అక్కా, తోపుడు బండి మీద మూడు వందకి. ఈయనే తెచ్చారు."

చూశారూ! పుట్టగొడుగుల్లాంటి పగడాలకి నలభై వేల దీపం తప్ప పనికిరాదని పట్టుబట్టిన పెద్దమనిషే, రెండు పూటలా తనకి అన్నం వండిపెట్టే మనిషికి ముప్ఫై మూడు రూపాయల దీపం తెచ్చాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలోంచి వచ్చిందే ఈ వ్యాసం.

అతగాడొక్కణ్ణీ తిట్టి లాభం లేదు. బుచ్చయ్యపేటలో మా ఇల్లు మాత్రం ఏం తక్కువ తిందని? నా రాతబల్ల మీద మంచి దీపం ఉంది, ఏరికోరి కొనుక్కున్నాను. హాల్లో దీపాలు చుట్టాల కోసం. వంటింట్లో? హాల్లో పాతబడిపోయిన బల్బుని తీసి వంటింట్లో పెడతాం. అక్కడా పనికిరాకపోతే పెరట్లోకి. మీ ఇంట్లోనూ ఇదే వరస అయి ఉంటుంది, ఒకసారి లేచి చూసి రండి. ఇంట్లో కత్తీ, నిప్పూ, మరిగే నూనే ఉండే గది ఒక్కటే. ఆ గదికే గుడ్డిదీపం!

సరే, కోపం పక్కన పెట్టి ఇద్దరి వాదనా విందాం. మా మరిది చెప్పేది పూర్తిగా పిచ్చి కాదు. ఇలాంటి పగడపు జీవాల ఒంట్లో చాలావాటికి కంటికి కనిపించని నాచు కాపురం ఉంటుంది. అది వెలుతురుతో వండిన తిండిలోంచే వీటికీ వాటా. వెలుగు చాలకపోతే ఇద్దరికీ పస్తు. పైగా నీళ్ళలోకి దిగేకొద్దీ ముందు ఎరుపు ఇంకిపోయి నీలం మిగులుతుంది. అంచేత వాటికి నీలం పాలు ఎక్కువున్న దీపం కావాలి. ఖరీదైన దీపాల్లో ఆ వెలుగు తొట్టి అంతటా సమంగా పరుచుకునేలా అద్దాలు అమరుస్తారు. వేడి బయటికి పోయే ఏర్పాటు చేస్తారు. తెల్లవారుతున్నట్టు, పొద్దుగూకుతున్నట్టు వెలుగుని కొద్దికొద్దిగా పెంచి తగ్గించే వీలుంటుంది. చెడిపోతే బాగుచేసేవాడు ఉంటాడు. డబ్బు పుచ్చుకునేది వీటికి.

అయితే ఆ నలభై వేలల్లో ఈ సుగుణాలకి ఎంత, పేరుకి ఎంత? అది మాత్రం డబ్బా మీద రాయరు! పగడం డబ్బా మీది పేరు చదవదు కదా. దానికి కావలసింది తన మీద పడే వెలుగు. ఆ వెలుగుకి పార్ అని ఒక కొలత ఉంది, కొలిచే మీటరూ ఉంది. మెత్తని పగడాలకి సుమారు 50 నుంచి 150 దాకా ఉంటే సరిపోతుందనీ, కొమ్మలు వేసే రాతి పగడాలకి 200 దాటాలనీ పెంచేవాళ్ళ లెక్క. ఆ అంకె వచ్చే దీపం ఏదైనా దానికి సూర్యుడే.

ఇహ మా తోటికోడలి వాదన. "అచ్చం అలాంటిదే" అంది చూశారూ, ఆ అచ్చం అనే మాట దగ్గరే మనం బోల్తా పడుతున్నాం. ఎల్‌ఈడీ దీపంలో వెలిగే గింజ అంత త్వరగా చావదు. ముందు చచ్చేది దానికి కరెంటు అందించే డ్రైవరు అనే చిన్న సర్క్యూటు. చవక సరుకులో ముందు కోత పడేది దానికీ, వేడిని లాగేసే అల్యూమినియానికీ. ఉప్పునీళ్ళ మీద వేలాడే దీపంలో ఇన్సులేషను సరిగ్గా లేకపోతే పోయేది దీపం ఒక్కటే కాదు, తొట్టిలో చెయ్యి పెట్టిన మనిషి ప్రాణం. అక్కడ చవక చూసుకోవడం పొదుపు కాదమ్మా, జూదం.

చవకది అంటేనే నాసిరకం అని మాత్రం నేను ససేమిరా ఒప్పుకోను. దానికి సాక్ష్యం మన రాష్ట్రమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ తీరాన్ని చిత్తు చేసింది. రోజుల తరబడి కరెంటు లేక, కొవ్వొత్తికి కూడా కరువొచ్చిన రోజులవి. ఆ తర్వాతే విశాఖ వీధుల్లో పాత దీపాలు తీసేసి తొంభై వేల పైచిలుకు ఎల్‌ఈడీలు పెట్టారు. ఆ రోజుల్లోనే మన రాష్ట్రంలో పాత బల్బులు పట్టుకెళితే ఒక్కోటి 10 రూపాయల చొప్పున ఇంటికి రెండేసి ఎల్‌ఈడీ బల్బులు ఇచ్చే పథకం మొదలైంది. "పది రూపాయల బల్బు పది రోజులు వెలుగుతుందా?" అని నవ్విన వాళ్ళలో నేనూ ఉన్నాను. మా దొడ్డి గుమ్మం మీద పెట్టిన అలాంటి బల్బు ఒకటి ఆరేళ్ళు వెలిగి నా నోరు మూయించింది.

ఎలా వెలిగింది? దాని అసలు ఖరీదు పది రూపాయలు కాదు, అది మొదటి మాట. ఇంత వెలుగివ్వాలి, ఇన్నేళ్ళు పూచీ ఉండాలి, పరీక్షకి నిలవాలి అని ముందే రాసిపెట్టి, కోట్ల లెక్కన టెండరు పిలిచారు, అది రెండోది. దేశమంతటికీ ప్రభుత్వ సంస్థ కొన్న ధర 2014 మొదట్లో బల్బుకి 310 రూపాయలు. 2016కల్లా అదే 38కి దిగింది! అమ్మేది పేరున్న కంపెనీలే సుమండీ. అడిగేవాడు గట్టిగా అడిగేసరికి ధర దానంతటదే దిగొచ్చింది. ఆ పథకంలో దేశం మొత్తం మీద 36 కోట్లకి పైగా బల్బులు ఇళ్ళకి చేరాయి.

అంచేత నేననేది ఏవిటంటే, పేరున్నదా, పేరు లేనిదా అన్న తగువే తప్పుడు తగువు. పేరు చూసి కొనేవాడూ మోసపోతాడు, ధర చూసి కొనేవాడూ మోసపోతాడు. అడిగి కొనేవాడు మోసపోడు. అసలు అడగడం మనకి ఒకరు నేర్పాలా? అనకాపల్లి బెల్లం కొనేటప్పుడు ఏం చేస్తాం? పసుపుపచ్చగా నిగనిగలాడుతుంటే, హైడ్రోస్ మందు కలిపారేమోనని పక్కకి నెట్టి, కాస్త నల్లగా ఉన్న దిమ్మ విరిచి, నోట్లో వేసుకుని మరీ కొంటాం. చింతపండులో గింజ చూస్తాం. చీర అంచు తిరగేసి చూస్తాం. అంత ఆరిందాలమైన మనం, బల్బు దగ్గరికొచ్చేసరికి "తొమ్మిది వాట్లది ఒకటివ్వు బాబూ" అని చెయ్యి చాపుతాం!

వాట్లంటే అది తినే కరెంటు, ఇచ్చే వెలుగు కాదు. వెలుగుని ల్యూమెన్లలో కొలుస్తారు. మంచి తొమ్మిది వాట్ల బల్బు 900 అటూ ఇటూ ఇస్తుంది, పాత అరవై వాట్ల బల్బుకి ఏమీ తీసిపోదు. ఆ అంకె డబ్బా మీద లేదంటే అడిగితే చెప్పలేని సరుకన్నమాట. ఆర్ అనే ఇంగ్లీషు అక్షరం తర్వాత ఎనిమిది అంకెలుండే బీఐఎస్ నమోదు నంబరు చూడండి. అది నిజమో కాదో ఫోన్లో బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి తెలుసుకోవచ్చు. రంగుల్ని ఉన్నవి ఉన్నట్టు చూపించే గుణానికి సీఆర్‌ఐ అని ఇంకో అంకె. అది నూటికి 80 అయినా లేకపోతే పోపులో ఇంగువ మాడిందో వేగిందో తెలీదు. కొట్టువాడు గ్యారంటీ అంటే బిల్లు రాయించుకోండి, బల్బు మెడ మీద పెన్నుతో తారీకు వేయించుకోండి. వెయ్యనంటే బల్బు అక్కడే పెట్టి వచ్చేయండి.

"డబ్బున్నవాళ్ళ కబుర్లు!" అంటారేమో. లెక్క వేద్దాం. బండి మీద ముప్ఫై మూడు రూపాయల బల్బు నాలుగు నెలలకోటి పోతే మూడేళ్ళకి తొమ్మిది బల్బులు, దగ్గర దగ్గర మూడు వందలు. పూచీ ఉన్న బల్బు నూట ఇరవై పెట్టి కొంటే, ఆ మూడేళ్ళూ అదొక్కటే వెలుగుతుంది. ఇందులో గొప్పవాళ్ళ బేరం ఏదో, బీదవాళ్ళ బేరం ఏదో మీరే చెప్పండి. తేరగా వచ్చే వస్తువులు చాలా ఉన్నాయి గానీ కళ్ళు వాటిలోకి రావు.

ఇంకో తమాషా వినండి. తెల్లగా వెలిగే ఈ ఎల్‌ఈడీ బల్బులో లోపల ఉన్నది మామూలుగా నీలం గింజే. దాని మీద పసుపుపచ్చని పూత పూస్తే తెలుపు కనిపిస్తుంది. ఆ నీలం వెలుగుని సాధించినందుకే 2014లో ముగ్గురు శాస్త్రవేత్తలకి నోబెల్ బహుమానం ఇచ్చారు. అంటే పగడాల దీపమూ, వంటింటి దీపమూ ఒక్క తల్లి బిడ్డలే. ఒక బిడ్డని ముందుగదిలో సింహాసనం మీద కూర్చోబెట్టి, రెండోదాన్ని పొయ్యి వెనక నిలబెట్టింది మనం.

ఇంతకీ తీర్పు ఏం చెప్పానంటారా? "చూడవయ్యా, ముందు ఆ పార్ మీటరు ఎవరి దగ్గరన్నా అరువు తెచ్చి కొలు. నీ పగడాలకి ఎంత కావాలో అంత ఇచ్చి, పూచీ కాగితం మీద సంతకం పెట్టేవాడి దగ్గర కొను. వాడి పేరు నాకక్కర్లేదు. ఆ తొట్టి కరెంటు లైనుకి లీకేజీని పట్టి టక్కున ఆపేసే బ్రేకరు పెట్టించు. అన్నిటికన్నా ముందు వంటింట్లో స్టవ్వుకి ఎదురుగా ఒక మంచి దీపం వేయించు. అది వెలిగేదాకా తొట్టి దీపానికి పైసా తీయడానికి వీల్లేదు."

కొలిచి చూసుకుంటే అతని మెత్తని పగడాలకి పద్ధెనిమిది వేల దీపం సరిపోయిందట. నలభై అక్కర్లేదు, ఏడు చాలదు. తీర్పు ఇద్దరికీ సగం సగం నచ్చింది. న్యాయమైన తీర్పుకి అదే గుర్తట లెండి.

పది రోజుల తర్వాత మా తోటికోడలు ఫోను చేసింది. వంటింట్లో దీపం వచ్చిందనీ, బియ్యంలో రాళ్ళు కనిపిస్తున్నాయనీ సంబరంగా చెప్పి, చివర్న గొంతు తగ్గించి, "అక్కా, స్టవ్వు వెనక గోడకి ఇంత జిడ్డు పట్టి ఉందని ఇన్నాళ్ళూ తెలీనే లేదు!" అంది.

"దానికేం, ఇప్పుడు మీ ఆయనకి కూడా కనిపిస్తుందిగా. గుడ్డా, సబ్బూ ఆయన చేతికియ్యి" అన్నాను.