ఫుల్ టవర్ మోజు సరే, మన ఊరి గదికి అది అవసరమా?

కస్టమ్ పీసీ బిల్డ్ చేసేవాళ్లు ప్రాసెసర్ గురించి నెల రోజులు వీడియోలు చూస్తారు. గ్రాఫిక్స్ కార్డు ధర తగ్గుతుందేమోనని ఇంకో రెండు నెలలు ఎదురుచూస్తారు. క్యాబినెట్ దగ్గరకొచ్చేసరికి మాత్రం ఫొటో చూసి పది నిమిషాల్లో తేల్చేస్తారు. నిజానికి బిల్డ్‌లో ఎక్కువ కాలం మనతో ఉండేది అదే. ఏటీఎక్స్ బోర్డు ప్రమాణాన్ని ఇంటెల్ 1995లో తెచ్చింది. ఆ 305 × 244 మిల్లీమీటర్ల కొలత ఇప్పటికీ నడుస్తోంది. అంటే ఈరోజు కొన్న మంచి క్యాబినెట్ రాబోయే రెండు మూడు అప్‌గ్రేడ్‌లకి కూడా పనికొస్తుంది.

సరిగ్గా ఈ పాయింట్ దగ్గరే "ఎలాగూ పదేళ్లు ఉంచుకుంటాం కదా, పెద్దదే తీసుకుందాం" అని మనసు ఫుల్ టవర్ వైపు లాగుతుంది. నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా. ఇచ్ఛాపురం నుంచి కొత్తవలస దాకా, మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతంలో గేమింగ్‌కో కోడింగ్‌కో పీసీ కట్టుకునే చాలామందికి ఫుల్ టవర్ అక్కర్లేదు. ఆ తేడా డబ్బు మన ఎండకి, మన కరెంటుకి, మన తుఫాన్లకి తగ్గట్టు వేరే చోట పెట్టడం మంచిది. కొద్దిమందికి మాత్రం ఫుల్ టవరే కరెక్ట్. వాళ్లెవరో కూడా చెప్తా.

అప్పటి కారణాలు ఇప్పుడు లేవు

ఫుల్ టవర్ అంటే ఇంత ఎత్తు ఉండాలనే అధికారిక రూలేమీ లేదు. మామూలుగా 55 నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తు, ఈ-ఏటీఎక్స్ బోర్డు పట్టే చోటు ఉంటే కంపెనీలు ఆ పేరు పెట్టేస్తాయి. 2010లో కూలర్ మాస్టర్ హాఫ్ ఎక్స్ లాంటివి వచ్చినప్పుడు ఆ సైజుకి అర్థం ఉండేది. రెండు మూడు గ్రాఫిక్స్ కార్డులు ఎస్ఎల్ఐలో కలపాలి, డీవీడీ రైటర్ పెట్టాలి, నాలుగైదు హార్డ్‌డిస్కులు బిగించాలి. అన్నీ చోటు తినేవే.

ఇప్పుడు చూడండి. పాత కార్డులకి కొత్త ఎస్ఎల్ఐ ప్రొఫైల్స్ ఇవ్వడం ఎన్విడియా 2021 జనవరి 1 నుంచి ఆపేసింది. డీవీడీ ఎవరూ పెట్టట్లేదు. ఎం.2 ఎస్ఎస్‌డీ బోర్డు మీదే కూర్చుంటుంది. పెరిగింది ఒక్క గ్రాఫిక్స్ కార్డే. ఆర్‌టీఎక్స్ 4090 ఫౌండర్స్ ఎడిషన్ 304 మిల్లీమీటర్ల పొడవు, మూడు స్లాట్ల మందం. వేరే కంపెనీల మోడల్స్ కొన్ని 350 కూడా దాటాయి.

అంత కార్డుకైనా ఫుల్ టవరే కావాలా అంటే, అక్కర్లేదు. కోర్సెయిర్ 4000డీ ఎయిర్‌ఫ్లో మిడ్ టవరే, అయినా 360 మిల్లీమీటర్ల కార్డు పడుతుంది. ముందు భాగంలో రేడియేటర్ పెడితే దాని మందం తీసేసి లెక్క వేసుకోవాలి, అంతే. ఇంకో విషయం చాలామంది గమనించరు. ఈ పెద్ద కార్డుల పవర్ కేబుల్‌ని కనెక్టర్ దగ్గర కనీసం 35 మిల్లీమీటర్ల దాకా వంచకూడదంటారు. అంటే కార్డుకీ సైడ్ గ్లాసుకీ మధ్య చోటు కావాలి. అది క్యాబినెట్ వెడల్పులోంచి వస్తుంది, ఎత్తులోంచి కాదు. 4000డీ వెడల్పు 230 మిల్లీమీటర్లు, అదే కంపెనీ ఫుల్ టవర్ 7000డీ వెడల్పు 248. తేడా 18 మిల్లీమీటర్లు మాత్రమే. పెరిగిందంతా ఎత్తు, లోతు.

"పెద్దదైతే చల్లగా ఉంటుంది" అనే నమ్మకం

ఇది నాకు ఎక్కువగా వినిపించే వాదన. చిన్న లెక్క వేద్దాం. 7000డీ కొలతలు 600 × 248 × 550 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 82 లీటర్లు. 4000డీ 453 × 230 × 466, దాదాపు 48 లీటర్లు. ఒక 140 మిల్లీమీటర్ల ఫ్యాన్ కాగితం మీద 60 సీఎఫ్ఎం గాలి తోస్తుందనుకోండి. అది సెకనుకి 28 లీటర్లు. అంటే ఒక్క ఫ్యానే ఫుల్ టవర్లో ఉన్న గాలి మొత్తాన్ని మూడు సెకన్లలో మార్చేస్తుంది. ఫిల్టర్లు, కేబుళ్లు అడ్డొచ్చి సగానికి పడిపోయినా ఆరు సెకన్లు. కాబట్టి లోపల ఎంత గాలి నిల్వ ఉందన్నది ముఖ్యం కాదు. గాలి ఎంత సులువుగా లోపలికొచ్చి బయటికి పోతోందన్నదే ముఖ్యం. ముందు గ్లాసు బిగించిన ఫుల్ టవర్ కన్నా ముందు మెష్ ఉన్న మిడ్ టవర్ నయం.

ఫుల్ టవర్‌కి ఇక్కడ ఒక నిజమైన ప్లస్ ఉంది, ఒప్పుకోవాలి. పెద్ద ఫ్యాన్లు, ఎక్కువ ఫ్యాన్లు పెట్టొచ్చు కాబట్టి అవి నెమ్మదిగా తిరిగినా సరిపోతుంది, శబ్దం తగ్గుతుంది. కానీ నెత్తి మీద సీలింగ్ ఫ్యాన్ ఫుల్ స్పీడులో తిరుగుతుంటే ఆ తేడా మన చెవికి తెలుస్తుందా? మీరే ఆలోచించండి.

రివ్యూ గది వేరు, మన గది వేరు

రివ్యూల్లో కనిపించే టెంపరేచర్లు చాలావరకు ఏసీ గదిలో, 22 డిగ్రీల చుట్టుపక్కల తీసినవి. అక్కడ ఒక కార్డు 68 డిగ్రీలు చూపిస్తే, గది కన్నా 46 ఎక్కువ అన్నమాట. మే నెలలో మన స్లాబ్ ఇంటి పై అంతస్తు గది రాత్రి పదింటికి కూడా వేడి కక్కుతూనే ఉంటుంది. గది 35 ఉంటే అదే కార్డు 81కి చేరుతుంది. క్యాబినెట్ ఎంత పెద్దదైనా గది గాలి కన్నా చల్లటి గాలి ఎక్కడి నుంచీ తేలేదు.

ఇంకో మాట. 500 వాట్లు లాగే పీసీ అంటే గదిలో 500 వాట్ల హీటర్ పెట్టుకున్నట్టే. ఆ వేడి డబ్బాలోంచి పోయినా గదిలోనే ఉంటుంది. పీసీ వెనక భాగం కిటికీ వైపు ఉండేలా టేబుల్ జరపడం, గోడకి అరడుగు దూరం వదలడం, ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించడం, వీటికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. కార్డు పవర్ లిమిట్ 80 శాతానికి తగ్గిస్తే పర్ఫార్మెన్స్ కొద్దిగానే పడుతుంది, వేడి బాగా తగ్గుతుంది. దానికి రూపాయి కూడా ఖర్చు లేదు.

ఎత్తగలరా?

మన దగ్గర ఏ రివ్యూ అడగని ప్రశ్న ఇది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. ఒకటి విశాఖ దగ్గర, ఇంకోటి పలాస దగ్గర తీరం దాటాయి. రెండుసార్లూ చాలా ఊళ్లు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్నాయి. నాగావళి, వంశధార పొంగితే ఏమవుతుందో ఒడ్డున ఉన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. తుఫాను హెచ్చరిక రాగానే బియ్యం బస్తా, కాగితాలు, టీవీ పైకి ఎత్తుతారు. పీసీని కూడా ఎత్తాలి కదా.

4000డీ ఖాళీగా దాదాపు 8 కిలోలు. 7000డీ ఖాళీగానే 18 కిలోల పైన. దాంట్లో పవర్ సప్లై, కార్డు, కూలర్ అన్నీ వేశాక ఒక్కరే ఎత్తి మెట్లెక్కే వస్తువు కాదది. పైగా పక్కన గ్లాసు. మీరు ఉద్యోగానికి విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉండి, ఇంట్లో అమ్మానాన్నలే ఉంటే? "ఇదేటి బావూ, బీరువా కొన్నావా?" అని నవ్వేవాళ్లు ఆ రాత్రి దాన్ని ఎలా జరపాలో తెలీక ఇబ్బంది పడతారు. ఎచ్చెర్ల, రాజాం, టెక్కలి కాలేజీల్లో చదువుతూ ఏడాదికో రూము మారే స్టూడెంట్స్‌కి కూడా ఇదే మాట వర్తిస్తుంది.

తెప్పించుకోవడం కూడా ఆలోచించండి. చాలా కొరియర్లు అసలు బరువు కాకుండా డబ్బా సైజు చూసి చార్జి వేస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. ప్యాకింగ్‌తో 70 × 65 × 35 అయితే అది 32 కిలోల లెక్క. గ్లాసు పగిలి వస్తే అదే డబ్బా తిరిగి పంపాలి.

ముందు మూడో పిన్ను చూడండి

పాత ఇళ్లలో సాకెట్‌కి మూడు రంధ్రాలుంటాయి, మూడో దాని వెనక వైరే ఉండదు. అలాంటి చోట పీసీ పెడితే క్యాబినెట్ ఇనుము ముట్టుకున్నప్పుడు వేళ్లు జివ్వుమంటాయి. చాలామంది పవర్ సప్లై పాడైందనుకుంటారు. పాడవ్వలేదు. అందులోని ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజ్‌కీ బాడీకీ మధ్య, న్యూట్రల్‌కీ బాడీకీ మధ్య ఉండి, ఎర్త్ లేనప్పుడు బాడీ మీద సగం వోల్టేజీ, అంటే 115 వోల్టుల దాకా చూపిస్తాయి. కరెంటు చాలా తక్కువే కానీ, ఆ స్థితిలో లోపల నిజంగా లోపం వస్తే మిమ్మల్ని కాపాడేది ఏమీ ఉండదు. క్యాబినెట్ ఎంత ఖరీదైనదైనా ఈ పని చెయ్యలేదు.

ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మల్టీమీటర్ పెట్టించండి. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 230 దగ్గర, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి. లేకపోతే పెరట్లో గొయ్యి తీసి ఉప్పు, బొగ్గు వేసి ఎర్తింగ్ చేయించండి. మంచి మిడ్ టవర్‌కీ ఫుల్ టవర్‌కీ ధర తేడా చాలాసార్లు రెండింతల పైనే. ఆ తేడాలో ఎర్తింగ్, దాంతోపాటు ఓ యూపీఎస్ మీద పెట్టే డబ్బు వస్తుంది. కరెంటు పోయి పోయి వచ్చే ఊళ్లో పీసీ ఆయుష్షు పెంచేవి ఇవే.

ఉప్పు గాలి, దుమ్ము, బల్లి

కళింగపట్నం, బారువ, భోగాపురం లాంటి తీరం ఊళ్లలో ఇనుము ఎంత త్వరగా తుప్పు పడుతుందో తెలిసిందే. క్యాబినెట్ చూసేటప్పుడు పైన పెయింటు కాదు, కోసిన అంచులు, స్క్రూ రంధ్రాలు చూడండి. అక్కడే తుప్పు మొదలవుతుంది. నెలల తరబడి ఆపేసి ఉంచకుండా అప్పుడప్పుడూ ఆన్ చేస్తే లోపల తేమ చేరదు.

దుమ్ము విషయంలో ఫిల్టర్ ఎంత పెద్దదన్నది కాదు, ఎంత ఈజీగా బయటికి వస్తుందన్నది ముఖ్యం. టెక్కలి వైపు గ్రానైట్ దుమ్ము ఉన్నా, రోడ్డు పక్క ఇల్లయినా వారానికోసారి కడగాల్సి వస్తుంది. నాలుగు స్క్రూలు విప్పాలంటే ఎవరూ కడగరు. లోపలికి తోసే ఫ్యాన్లు బయటికి తోసేవాటి కన్నా ఎక్కువ ఉంటే సందుల్లోంచి దుమ్ము రాదు. ఇక వెనక స్లాట్ కవర్లు విరిచి పారేసే రకం అయితే వద్దు. ఒకసారి తీశాక ఆ కంత మూయలేరు, అది బల్లికి దారి. లోపలికి దూరిన బల్లి కార్డు మీద షార్ట్ అయితే వారంటీ వాళ్లు ఏమంటారో ఊహించుకోండి.

మరి ఫుల్ టవర్ ఎవరికి?

ముగ్గురికి. ఒకటి, పెళ్లి వీడియోల స్టూడియోలకి. నరసన్నపేటైనా బొబ్బిలైనా సీజన్‌లో టెరాబైట్ల ఫుటేజీ వస్తుంది. ఆరు, ఎనిమిది 3.5 అంగుళాల డిస్కులు గాలి తగిలేలా పెట్టాలంటే ఆ చోటు కావాలి. పీసీ కూడా షాపులోనే ఉంటుంది, కదలదు. అయితే ఇంకో కాపీ వేరే ఊళ్లో ఉంచండి, తుఫానుకి డిస్కు సైజుతో సంబంధం లేదు. రెండు, ఇంట్లోనే ఏఐ మోడల్స్ నడపడానికి రెండు పెద్ద కార్డులు, థ్రెడ్‌రిప్పర్ లాంటి ప్రాసెసర్‌తో పెద్ద బోర్డు పెట్టేవాళ్లకి. మూడు, సొంతంగా వాటర్ కూలింగ్ లూప్ కట్టేవాళ్లకి. 420 రేడియేటర్, పంపు, ట్యాంకు మిడ్ టవర్లో ఇరికిస్తే ప్రతి సర్వీసింగూ నరకమే.

మీరు ఈ ముగ్గురిలో ఒకరైతే ధైర్యంగా కొనండి. కింద చక్రాల స్టాండు కూడా తీసుకోండి. విశాఖ ద్వారకానగర్‌కో, హైదరాబాద్ వెళ్లినప్పుడు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కో వెళ్లి చేత్తో ఎత్తి చూశాకే డబ్బులివ్వండి.

కాకపోతే, "ఫ్యూచర్‌లో పనికొస్తుంది" అనే మాట కోసం ఖాళీ చోటు కొనకండి. ఫ్యూచర్‌లో మీరు కొనబోయేది ఇంకో గ్రాఫిక్స్ కార్డు, అదీ ఒక్కటే. దానికి కావల్సిన పొడవు, పక్కన గ్లాసు దాకా చోటు ఇప్పుడే టేపు పెట్టి కొలవండి. ఆ రెండూ సరిపోతే మిడ్ టవర్ చాలు. మిగిలిన డబ్బుతో ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చెయ్యండి.