ఆపరేషన్‌కు ముందు పసివారికి ధైర్యం చెప్పేదెవరు?

ఉద్దానంలో పెద్దల మూత్రపిండాల వ్యాధిని గురించి మాట్లాడని ఊరు లేదు. ఎంతోకాలం అడగగా, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమైనవి. అయితే గుండెలో రంధ్రంతో పుట్టిన పసివారికి, కేన్సర్ సోకిన పిల్లలకు ఆపరేషన్ అంటే నేటికీ చాలావరకు విశాఖపట్నం ప్రయాణమే. పలాస నుండి అది సుమారు 200 కిలోమీటర్లు.

ఖర్చుకు కొంత దారి ఏర్పడింది. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ పథకం మొదట అమలైన మూడు జిల్లాలలో శ్రీకాకుళం ఒకటి. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలలో, బడులలో పిల్లలను పరీక్షిస్తున్నాయి. జబ్బుకు కార్డు వున్నది. బిడ్డ భయానికి మాత్రం ఏ కార్డూ లేదు.

రైలెక్కే ముందు ఇళ్లలో జరిగేది అందరికీ తెలిసినదే. "ఊరికే చూపించుకొని వచ్చేద్దాం, వచ్చేటప్పుడు బొమ్మ కొంటాను" అంటారు. ప్రేమతో ఆడిన అబద్ధమే. మర్నాడు ముఖానికి గుడ్డ కట్టుకున్న కొత్తవాళ్లు బిడ్డను తీసుకుపోతుంటే తల్లి తలుపు బయటే ఆగిపోతుంది. తాము చేసిన అల్లరికి ఇది శిక్ష అని చిన్నపిల్లలు అనుకోవడం కద్దు. కుట్లు మానిన తరువాత కూడా నిద్రలో ఉలిక్కిపడడం, పక్క తడపడం, తల్లి కొంగు వదలకపోవడం కొందరిలో చాలాకాలం మిగులుతుంది.

ముందే చెబితే మరింత బెదిరిపోతారని పెద్దల వాదన. ఎలా చెబుతామన్నదే ముఖ్యం. చిన్నవారికి ఒకటి రెండు రోజుల ముందు, కాస్త పెద్దవారికి వారం ముందు, వారి మాటలలోనే చెప్పాలి. మందిచ్చి నిద్రపుచ్చుతారని, ఆ నిద్రలో నొప్పి తెలియదని, లేచాక నొప్పి వుంటే తగ్గడానికి మందిస్తారని చెబితే చాలు. పిల్లల వార్డులలో తల్లిదండ్రులను ఆంక్షలు లేకుండా అనుమతించాలని బ్రిటన్‌లో ప్లాట్ కమిటీ 1959లోనే సిఫారసు చేసింది.

ఇందుకు పెద్ద ఖర్చేమీ అక్కరలేదు. ఆపరేషన్ తేదీ ఖాయమైన బిడ్డను, తల్లిదండ్రులను పలాస, టెక్కలి ఆసుపత్రులకు ఒకపూట పిలిచి, శిక్షణ పొందిన వ్యక్తి చేత మాట్లాడించాలి. ముందుగా ధైర్యం చెప్పవలసింది తల్లికే. జీడిపప్పు కార్ఖానాలో రోజుకూలి మానుకొని బయలుదేరే ఆమె ముఖం చూసే బిడ్డ ధైర్యమో, భయమో తెచ్చుకుంటాడు. ఇదివరకు ఆపరేషన్ చేయించుకొని బడికి వెళుతున్న పిల్లలను చూపిస్తే అది వంద మాటల పెట్టు. విశాఖ ఆసుపత్రులు కూడా మత్తు ఎక్కేవరకు, మళ్లీ మెలకువ వచ్చేటప్పటికి తల్లిని దగ్గర వుండనివ్వాలి.

జిల్లా వైద్యాధికారులు ఈ విషయం ఆలోచించాలి. గుండెకు కుట్టు వేయించడంతో పాటు గుండె దిటవు కలిగించడం కూడా వైద్యంలో భాగమే.