పురికొల్పడం వేరు, ఉసిగొల్పడం వేరు

ఇంగ్లీషులో 'ఇన్‌స్పైర్', 'ప్రవోక్', 'ఇన్‌సైట్' అనే మూడు క్రియలకూ మన పిల్లలు నోటుపుస్తకంలో తరచూ ఒకే అర్థం రాసుకుంటారు: తమిళంలో 'తూండుదల్'. దాని ఫలితం వ్యాసాల్లో కనబడుతుంది. 'మా టీచరు మమ్మల్ని చదువుకు ఇన్‌సైట్ చేశారు' అని రాస్తే వ్యాకరణం సరిగానే ఉంటుంది గానీ, మెప్పు కాస్తా నింద అవుతుంది. ఇన్‌సైట్ అంటే గొడవకో, హింసకో ఉసిగొల్పడం.

ఈ తేడాలు మన ఇంటి తెలుగులో ఉన్నవే. మంచిపనికి పురికొల్పితే ఇన్‌స్పైర్. కోపం వచ్చేలా రెచ్చగొడితే ప్రవోక్. మనసు కరిగిస్తే మూవ్. 'ఎన్‌థ్యూజ్' అనే మాటకు మూలమైన గ్రీకు పదానికి దేవుడు ఆవహించడమని అర్థం. మారియమ్మ పండుగలో పూనకం చూసిన ఉడుమలైపేట పిల్లకు దీన్ని వేరే విడమరచి చెప్పాలా?

ఇంగ్లీషు బాగా రావాలని తెలుగు పీరియడు మానిపించే తల్లిదండ్రులు ఇది ఆలోచించాలి. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఏ అధికరణ 1956 నుంచీ చెబుతోంది. 2006 చట్టంతో తమిళం తప్పనిసరి అయింది, అదీ నేర్వవలసిందే. అయితే ఆ రెండు భాషలకూ ఆసరా ఇచ్చేది ఇంటి మాటే.

ఉపాధ్యాయులకు ఒక మనవి: ఇంగ్లీషు క్రియ పక్కన తమిళ అర్థంతోపాటు తెలుగు మాట కూడా రాయించండి. అది ఇంట్లో అవ్వనడిగి తెచ్చిన మాటైతే మరీ మంచిది.