ఆన్‌లైన్ తెలుగు బోధన: దృశ్యవ్యామోహం, శ్రవణ సంప్రదాయం

2020 మార్చిలో కళాశాలలు మూతపడినప్పుడు అత్యవసర ఉపాయంగా ప్రవేశించిన ఆన్‌లైన్ బోధన, ఆ అవసరం తీరాక కూడా నిష్క్రమించలేదు. స్వయం వేదిక ద్వారా చదవదగిన కోర్సుల పరిమితిని యూజీసీ 2021లో 20 శాతం నుంచి 40 శాతానికి పెంచింది. అదే సంవత్సరం మిశ్రమ బోధన గురించి ఒక ప్రతిపాదన పత్రాన్నీ వెలువరించింది. అయినా తెలుగు శాఖల్లో చర్చ రెండు వాదాల దగ్గరే నిలిచిపోయింది. పద్యాన్ని ఆన్‌లైన్‌లో బోధించడం అసాధ్యమన్నది మొదటిది. కెమెరా, స్లైడ్లు, బహుళైచ్ఛిక ప్రశ్నలు ఉంటే ఏ పాఠమైనా చెప్పవచ్చునన్నది రెండవది. పరస్పర విరుద్ధాలుగా కనిపించే ఈ రెండింటికీ పునాది ఒక్కటే: అధ్యాపకుడు గంటసేపు కనిపిస్తూ మాట్లాడడమే తరగతి అన్న విశ్వాసం. ఖండించవలసింది ఆ విశ్వాసాన్నే.

పొన్నూరు పరిసరాలను ఉదాహరణగా తీసుకుంటే ఈ విశ్వాసం ఎంత నిరాధారమో తెలుస్తుంది. తెనాలి, బాపట్లల నడుమ ఉన్న ఈ పట్టణంలోని, దానిని ఆనుకొని ఉన్న నిడుబ్రోలులోని కళాశాలలకు విద్యార్థులు చుట్టుపక్కల పల్లెల నుంచి వస్తారు. ఇది వరి పండే డెల్టా ప్రాంతం. నాట్ల రోజుల్లో, కోతల రోజుల్లో పొలం పనికి వెళ్లే ఇంటిలో ఫోను ఎవరి చేతిలో ఉంటుందన్నది తరగతి పట్టికను బట్టి నిర్ణయం కాదు. ఉదయం పది గంటల ప్రత్యక్ష ప్రసారం ఆ ఇంటి బిడ్డకు అందదు. అందినా ఒకటే గది ఉన్న ఇంటిలో కెమెరా తెరవమనడం హాజరు తీసుకోవడం కాదు, ఇంటి గుట్టు బయట పెట్టమనడం. ముఖ్యంగా విద్యార్థినుల మౌనాన్ని అశ్రద్ధగా లెక్కగట్టిన అధ్యాపకులు ఈ మాటను గమనించవలసి ఉంది.

మరి చూపు లేని చోట బోధన సాగుతుందా? ఈ ప్రశ్నకు జవాబు కొత్త సాంకేతికతలో వెదకనక్కరలేదు. 1948 డిసెంబరు 1న ప్రారంభమైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం నుంచి 1970లలో ఉషశ్రీ రామాయణ భారతాలను కేవలం కంఠంతో ఇంటింటికీ చేర్చారు. ఆయన నిర్వహించిన ధర్మసందేహాలు శీర్షిక పద్ధతి మరింత విశేషమైనది. శ్రోత ఉత్తరం రాసేవాడు; వక్త ఆ సందేహాన్ని చదివి సమాధానం చెప్పేవాడు; అడిగినవాడితో పాటు అడగలేనివాడూ వినేవాడు. ఇద్దరూ ఒకే సమయంలో ఒకే చోట ఉండనక్కరలేని బోధనకు తెలుగులో ఇంతకంటే మంచి నమూనా దొరకదు. పొన్నూరుకు ఎంతో దూరం లేని కొమ్మూరులో జన్మించిన కరుణశ్రీ పద్యాల సంగతీ అంతే. ఘంటసాల గానం చేసిన పుష్పవిలాపం గ్రామఫోను రికార్డు మీద అక్షరజ్ఞానం లేనివారి దాకా వెళ్లింది. అక్కడ తెర లేదు, స్లైడు లేదు. 1982లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం సైతం ముద్రిత పాఠాన్ని, రేడియో ప్రసంగాన్ని, అధ్యయన కేంద్రాన్ని కలిపి నడిపింది. భావనారాయణస్వామి పేరిట సంస్కృత కళాశాల వెలసిన పొన్నూరులో, చదువు చెవి నుంచి నోటికి వచ్చేదని ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు.

కనుక తెలుగు అధ్యాపకుడు ఆన్‌లైన్‌లో చేయవలసిన మొదటి పని ఉపన్యాసాన్ని విడగొట్టడం. ఒక పద్యానికి ఒక ధ్వనిముద్రణ చాలు: ముందు పద్య పఠనం, తరువాత పదచ్ఛేదం, అన్వయం, తాత్పర్యం, మళ్లీ పఠనం. ఏడెనిమిది నిమిషాలకు మించనక్కరలేదు. వాట్సాప్ స్వరసందేశంగా అది కొద్ది మెగాబైట్లలో ముగుస్తుంది. గంటసేపటి దృశ్యతరగతి వందల మెగాబైట్లను మింగుతుంది. విద్యార్థి దానిని రాత్రి వినవచ్చు, నాలుగుసార్లు వినవచ్చు. రెండవ పని, వినిపించడంతో ఆగకుండా విద్యార్థి చేత చదివించుకోవడం. అతడు తన కంఠంతో అదే పద్యాన్ని చదివి ఒక నిమిషం ముద్రణ పంపాలి.

ఈ ఒక్క నిమిషం విలువను మన శాఖలు గుర్తించలేదు. వృత్తపద్యంలో మాట పాదాంతంలో ముగియాలన్న నియమం లేదు. సగం ఈ పాదంలో, సగం తరువాతి పాదంలో పడుతుంది. అన్వయం తెలియని విద్యార్థి పాదం చివర ఆగుతాడు, తెలిసినవాడు దాటిపోతాడు. చంపకమాలలో పదకొండవ అక్షరం యతిస్థానమని కంఠస్థం చేసినవాడు అక్కడ ఊపిరి పీల్చుకుంటే, తెలుగులో యతి అక్షరమైత్రే గాని విరామం కాదన్న సంగతి అతనికి అందలేదని అర్థం. ఊపిరి ఎక్కడ తెగిందో వింటే పదచ్ఛేదం ఎక్కడ తప్పిందో తెలుస్తుంది. తాత్పర్యాన్ని నేడు యంత్రం క్షణంలో రాసిపెడుతుంది. నాలుగు వికల్పాల్లో ఒకటి ఊహించి గుర్తించవచ్చు. సొంత గొంతుతో తడబడకుండా చదవడానికి మాత్రం పద్యం కొంతైనా వశం కావాలి.

అరవై మంది ముద్రణలు వినడానికి తీరిక ఎక్కడిదన్నది సహజమైన ఆక్షేపణ. తలకొక నిమిషం చొప్పున అది సరిగ్గా ఒక తరగతి గంట. అదనపు భారమయ్యేది ప్రత్యక్ష ఉపన్యాసాన్ని అట్లాగే ఉంచి దీనిని పైన చేర్చినప్పుడే. ధ్వనిముద్రణ పంపిన వారంలో ఉపన్యాసం తగ్గించి, ప్రత్యక్షంగా కలిసే గంటను సందేహాలకే విడిచిపెడితే లెక్క సరిపోతుంది. ఉమ్మడిగా కనిపించిన నాలుగు తప్పుల మీద అధ్యాపకుడు ఒకే సమాధానం ముద్రించి అందరికీ పంపవచ్చు. ఉషశ్రీ చేసినదీ అదే. గొంతు విప్పడానికి సిగ్గుపడే విద్యార్థి ముద్రణను సమూహంలో కాక అధ్యాపకునికే పంపే వెసులుబాటు ఉండాలి.

లిపి విషయంలో తెలుగు శాఖలు చేస్తున్న అపచారం వేరు. దశాబ్దాలుగా అనూ ఫాంట్లలో టైపు చేసి దాచుకున్న నోట్సును అట్లాగే విద్యార్థులకు పంపుతున్నారు. ఆ ఫాంటు లేని ఫోనులో అది అర్థం లేని గుర్తుల వరుస. పీడీఎఫ్‌గా మార్చితే కంటికి కనిపిస్తుంది గాని అందులో ఒక పదాన్ని వెదకడం కుదరదు; చూపులేని విద్యార్థికి తెరపాఠాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ దానిని తెలుగుగా గుర్తించలేదు. భాషను బోధించే శాఖే తన విద్యార్థికి చదవరాని లిపిలో పాఠం పంపడం కంటే విడ్డూరం ఉండదు. పాఠాలన్నీ యూనికోడ్‌లోకి మార్చడం ఒక సెలవుల పని.

ఈ మార్పును వాయిదా వేయడానికి వ్యవధి లేదు. రాష్ట్రంలో డిగ్రీ చదువులు 2021-22 నుంచి ఆంగ్లమాధ్యమంలోకి మారాయి. అత్యధిక విద్యార్థులకు తెలుగుతో కళాశాలలో మిగిలిన సంబంధం తొలి సెమిస్టర్ల భాషా పత్రమే. ఆ కొద్ది గంటలు కూడా కెమెరాలు మూసిన నల్లని గడుల ముందు ఉపన్యాసంగా గడిచిపోతే, ఆ పత్రం ఎందుకన్న ప్రశ్న బయటివారు వేయనక్కరలేదు, విద్యార్థులే వేస్తారు.

ఇందులో అధికారుల బాధ్యత తక్కువేమీ కాదు. 2018 యూజీసీ నిబంధనలు సహాయాచార్యునికి వారానికి 16 గంటల ప్రత్యక్ష బోధనను నిర్దేశించాయి. అరవై గొంతులు విని దిద్దిన గంటను ఆ పదహారింటిలో ఒకటిగా కళాశాల రిజిస్టరు నమోదు చేయాలి; విద్యార్థి పంపిన ముద్రణనే ఆ రోజు అతని హాజరుగా లెక్కించాలి; అంతర్గత మూల్యాంకనంలో పఠనానికి మార్కులు కేటాయించాలి. పాఠ్యప్రణాళికా సంఘాల తరువాతి సమావేశానికి తెలుగు శాఖలు పంపవలసిన ప్రతిపాదనలు ఈ మూడే.